మొండయ్య తోలు పట్టా

రోగి నుంచి పరీక్షకు తీసి మైనంలో పొదిగిన కండ ముక్కను ఉల్లిపొర కన్నా పలచగా కోయగలిగినవాడు కరీంనగర్‌లోని మా ఆసుపత్రిలో ఒక్కడే ఉండేవాడు. మొండయ్య. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. కాగితాల మీద ఆయన అటెండరు! నేను ఆ ల్యాబులోనే టైపిస్టును. పేరు లింగమూర్తి.

మొండయ్య 1951లో సీసాలు కడిగే పనికి చేరాడు. వాళ్లది చొప్పదండిలో మంగలి ఇల్లు. ఆ పొరలు కోసే యంత్రం కత్తి మొద్దుబారి ముక్కలన్నీ చిరిగిపోతుంటే డాక్టరు అజీముద్దీన్ సాబు తల పట్టుకున్నాడు. మొండయ్య ఊరికి పోయి, తండ్రి మంగలికత్తికి పదును పెట్టుకున్న తోలు పట్టా తెచ్చి గోడకు మేకేసి తగిలించాడు. కత్తిని దాని మీద ఇటు నలభై సార్లు, అటు నలభై సార్లు సాది పదునెక్కించి, "జర ఇప్పుడు కోయుండ్రి సాబ్" అన్నాడు. పొర చిరగలేదు. పొరలు కోయడం, కోసిన పొరను గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి గాజు పలక మీదికి ఎత్తడం, రంగులు ఎక్కించడం అన్నీ సాబే నేర్పాడు. బదిలీ మీద వెళ్తూ, ఇతనికి ఈ పనంతా వచ్చునని ఉర్దూలో సనద్ రాసి, మొహరు కొట్టి చేతిలో పెట్టాడు.

1964లో టెక్నీషియన్ పోస్టు పడింది. చేస్తున్న పనికి పేరొస్తుందని మొండయ్య ఉతికిన ధోవతి కట్టుకుని ఇంటర్వ్యూకొచ్చాడు. ఆసుపత్రి ఆఫీసరు సనద్‌ను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఇదేం కాగితమయ్యా? ఇంగ్లీషులో ఉంటే పట్టుకురా."

"సాబు గుజరిపోయి మట్టిల కలిసిండు సార్. మళ్ల యాడికెల్లి తేవాలె? చదివి చెప్త, వినుండ్రి."

"నీ సనద్ నువ్వే చదువుతావా? బాగుంది!"

నేను గుమ్మంలోనే ఉన్నాను. నేను చదువుకున్నది ఉర్దూ బడిలో. గడగడా చదివి వినిపించగలను. నోరు మూసుకున్నాను. నౌకరీ భయం. థూ, నా బతుకు!

పోస్టు సర్టిఫికెటున్న వెంకటికి ఇచ్చారు. అతనికి పని నేర్పమని మొండయ్యకు చెప్పారు. సిగ్గుండాలి కదా!

నెల తిరక్కుండానే మందమర్రి గని కార్మికుడు హనుమండ్లు నాలుక పుండు నుంచి తీసిన ముక్క వచ్చింది. వెంకటి కోస్తే సగం చిరిగి పాడైంది. బయట హనుమండ్లు భార్య ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆఫీసరు తానే వచ్చి, "మొండయ్యా, నువ్వే కొయ్యి" అన్నాడు. మొండయ్య ఐలవ్వను ఒకసారి చూసి, కత్తి సాది, మిగిలిన సగాన్ని కోశాడు. ల్యాబు కొత్త డాక్టరు మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ కాదని తేల్చాడు.

రిపోర్టులో 'కోసినవారు' దగ్గర మొండయ్య పేరు టైపు చేశాను. ఆఫీసరు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"అటెండర్లు కొయ్యరు. వెంకటి పేరు వెయ్యి."

మళ్లీ టైపు చేశాను. మొండయ్య నా వెనకే నిలబడి చూశాడు. పోయి మేకు పీకి, పట్టాను చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"సర్కారు సామాను ఎక్కడికి?" అని ఆఫీసరు అరిచాడు.

"సర్కారుది గాదు సార్, మా బాపుది. అటెండర్లు కొయ్యరంటిరి గదా? గిది కోసేటోనికి గావాలె. నాకెందుకు, మీకెందుకు!"

మర్నాటి నుంచి మొండయ్య సీసాలు మాత్రమే కడిగాడు. పట్టా లేక కత్తి మళ్లీ మొద్దుబారింది; కోతకొచ్చిన ముక్కలన్నీ హైదరాబాదుకు పంపడం మొదలుపెట్టారు. జవాబు కోసం రోగులు నెలల తరబడి తిరిగారు. ఆ ముక్కల వెంట పంపిన ఉత్తరాలన్నీ టైపు చేసింది నేనే.