గోకర్ణంలో సముద్రం పక్కన రూము

పదో తరగతి దాకా చదివినా, పెండ్లయినప్పటి నుంచి నేను రాసినవి అంగడి చీటీలూ రామకోటీ మాత్రమే. ఇప్పుడు ఈ కాగితాలు ముందు పెట్టుకోవడానికి కారణం పోయిన శనివారం భజన అయినాక జరిగిన మాటలు. ఈ వేసవిలో మీరు ఆరుమంది గోకర్ణం పోవాలనుకుంటున్నారు కదా. "సరోజమ్మక్కా, మీరు పోయొచ్చినారు గదా, యాడ దిగితే బాగుంటాది?" అని మీరు నన్ను అడిగితే, పక్కన కూర్చున్న మా వదిన నారాయణమ్మ నా బదులు జవాబు చెప్పింది. "సముద్రం పక్కన రూములు దొరకవు తల్లీ. గుడి వీధిలో దిగండి" అంది. ఆమె తెలిసి అబద్ధం ఆడలేదు. కానీ అది నిజం కాదు. ఆమె ముందర నేను నోరు తెరవలేకపోయాను. ఆ మాట నమ్మి మీరూ గుడి వీధికే పోతారేమోనని రాస్తున్నాను.

వదిన మా ఆయనకు అక్క. పెండ్లయిన రెండేండ్లకే భర్త పోతే కంబదూరు దగ్గరి ఈ పుట్టింటికే వచ్చేసింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా ఇద్దరిదీ ఒకే పొయ్యి. రెండువేల మూడులో ఆమెకు పక్కన నిలబడిన మనుషులు కనపడడం మానేశారు. అనంతపురం కంటి డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోతోందనీ, చుక్కల మందు వేస్తే ఉన్న చూపు కొన్నాళ్ళు నిలుస్తుందనీ, పోయిన చూపు మాత్రం తిరిగి రాదనీ చెప్పాడు. అప్పటికే ఎదురుగా ఉన్నది కొంచెం మేర మాత్రమే కనపడేది. పొద్దు వాలితే అదీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వదిన మందు సీసాను కొంగున ముడేసుకుంది. కళ్యాణదుర్గం దగ్గర పడ్డాక, "తిరుపతి చూసినా, శ్రీశైలం చూసినా. సముద్రమొకటి చూడలేదు సరోజా" అంది.

ఇంట్లో ఈ మాట చెబితే మా ఆయన, "ఈడ తాగను నీళ్ళు లేకుంటే సముద్రమంటా!" అన్నాడు. వదిన ఊరుకోలేదు. "బోర్లు ఏసి ఏసి మా తమ్మునికి నేలలోకి చూసేదే అలవాటైపోయినాది. తలెత్తి చూసేవాళ్ళను చూస్తే కోపం" అంది. ఆయన నవ్వేసి, పోయి రమ్మన్నాడు. గోకర్ణం అయితే నాకు స్వామి దర్శనం, ఆమెకు సముద్రం అని అక్కడికే నిశ్చయించాం.

దారి చెబుతాను. పొద్దున ఆరు గంటల బస్సుకు కళ్యాణదుర్గం, అక్కడి నుంచి రాయదుర్గం మీదుగా బళ్ళారి. ఆ రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి హుబ్లీ. స్టేషన్ నుంచి ఆటోలో బస్టాండుకు పోయి, ఆరున్నర బస్సు ఎక్కాం. ఎల్లాపురం దాటాక రెండు పక్కలా అడవి. ఏప్రిల్ నెలలో అంత పచ్చదనం నేను ఎన్నడూ చూడలేదు. వదిన కిటికీకి ముఖం ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ చూసింది. పదకొండున్నరకు గోకర్ణంలో దిగాం. వదినను బస్టాండు దగ్గరి టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టి, నేను రూము చూడడానికి బయలుదేరాను.

ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవండి. ఆ ఏడు మన ఊళ్ళో ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేదని మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటికి రెండు బిందెలు మంచినీళ్ళు. బోరు నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు. అందుకని నేను రూములు చూడలేదు, నీళ్ళు చూశాను. చేతిలో చెంబు, కొంగున సబ్బుముక్క. బస్టాండు పక్క లాడ్జిలో కొళాయి తిప్పితే గాలి వచ్చింది. అక్కడి నుంచి ఇసుక మీదున్న ఒక చిన్న హోటలుకు పోయాను. ఐదారు గదులు, ముందు కొబ్బరాకుల వసారా, వసారాలో పడక కుర్చీలు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళ ముందే సముద్రం. రూము రెండువందల యాభై. నేను సముద్రానికి వీపు పెట్టి కొళాయి తిప్పి, నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఉప్పు.

మన సరిహద్దు కన్నడంలో, "మంచినీళ్ళు రావా అప్పా?" అని అడిగాను.

ఆ హోటలాయన నవ్వాడు. "తాగేదానికి రూముకు రెండు బిందెలు పోస్తాం అమ్మా. స్నానానికి ఇవే. ఇంతదూరం వచ్చి కొళాయి చూస్తారేమి? అటు తిరిగి చూడండి" అన్నాడు.

రెండు బిందెలు. మా ఇంట్లో అవే రెండు బిందెలతో నాలుగు రోజులు గడిపేదాన్ని. కానీ ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి, దుడ్లు పెట్టి కూడా రెండు బిందెలేనా అని నాకు రోషం వచ్చింది. వద్దని వచ్చేశాను.

గుడి వీధిలో ఒక పాత ఇంటిని లాడ్జిగా మార్చారు. పెరట్లో బావి. తొంగి చూస్తే నా ముఖం కనపడేంత పైన నీళ్ళు. చెంబుతో తాగితే కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. సబ్బు రుద్దితే మోచేతుల దాకా నురగ. రూము నూటయాభై. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. వెంటనే దుడ్లు కట్టేశాను.

వదినను తీసుకురావడానికి పోతే, ఆమె మొదటి మాట, "సముద్రం పక్కన దొరికిందా?"

నీళ్ళ కోసం వద్దన్నానని చెప్పడానికి సిగ్గేసింది. "అన్నీ నిండిపోయినాయంట వదినా" అన్నాను. స్వామి ఊళ్ళోనే నిలబడి ఆ మాట అన్నాను.

"పోనీలే. ఎండలో ఎంత తిరిగినావో, ముఖం చూడు" అని తన గ్లాసులోని మజ్జిగ నాకిచ్చింది.

అన్నం తిని సముద్రానికి పోవాలి. ముందు స్నానం చేద్దామని బావి దగ్గరికి పోయాను. తలంటుకున్నాను. నీళ్ళు తోడేకొద్దీ బావి అట్లే ఉంది. ప్రయాణం చీరలు ఉతికాను. తర్వాత దుప్పట్లు. తర్వాత పెట్టెలోని ఉతికిన చీరలు కూడా తీసి ఉతికాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఒక్కో చీరను నాలుగు నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళు కాలువలో పారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. వదిన పెరటి గడపలో కూర్చుని ఉంది.

"అయిందా సరోజా?"

"ఇంకొక్క చీర వదినా."

"ఊరి చీరలన్నీ ఏసుకొచ్చినావా ఏమి? చాకలామె నిన్ను చూస్తే ఏడుస్తాది" అని నవ్వింది. ఇంకాసేపటికి మళ్ళీ, "పొద్దు వాల్తాండాదా?" అంది. లేదన్నాను. అది కూడా నిజం కాదు.

మేము ఇసుక మీదికి చేరేసరికి సూర్యుడు మునిగిపోయాడు. నాకు ఇంకా ఎర్రగా, వెడల్పుగా అంతా కనపడుతూనే ఉంది. వదిన నా భుజం పట్టుకుని నిలబడి, "యాడుండాది?" అంది. వేలు పట్టి చూపించాను. "సద్దు వినపడతాంది. నల్లగా ఉండాది అంతా" అంది. అల వచ్చి పాదాలు తడిపితే చిన్నపిల్లలా అరిచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు తెల్లవారక ముందే లేపాను. అక్కడి పద్ధతి ప్రకారం ముందు సముద్ర స్నానం, తర్వాత గణపతి దర్శనం, ఆ తర్వాత స్వామి. చీకట్లోనే నాలుగు మునకలు వేయించి క్యూలో నిలబెట్టాను. బయటకొచ్చేసరికి పది దాటింది. అప్పుడు ఇసుక మీద కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద పడి కత్తిలా మెరుస్తోంది. ఎక్కడా నీడ లేదు. వదిన కొంగు తల మీదికి లాక్కుని, ముఖాన్ని ఎడమ నుంచి కుడికి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చూసింది.

"చేటంత కనపడతాంది సరోజా. పక్కకు తిరిగితే ఇంకో చేటంత. ఎన్ని చేటలు చూసినా అయిపోలేదు."

అరగంటకు కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారసాగాయి. రెప్ప తెరవలేకపోయింది. "యాడన్నా ఇంత నీడుంటే సాయంత్రం దాకా ఈడే కూచుందును" అంది. కొంచెం దూరంలో ఆ కొబ్బరాకుల వసారా, ఖాళీ కుర్చీలు నాకు కనపడుతూనే ఉన్నాయి. పోయి ఒక కుర్చీ అడగొచ్చు. అడిగితే, "నిన్న రూము వద్దన్నారు కదమ్మా" అంటాడేమో, వదిన వింటుందేమో అని లేవలేదు. ఒంటిగంట బస్సుకు తిరిగి వచ్చేశాం. ఆ రాత్రికి హుబ్లీలో రైలు టికెట్లు తీసి ఉన్నాయి.

వచ్చే ఏడు మళ్ళీ పోదామన్నాను. ఉగాది రాకముందే వదినకు ఆ చేటంత కూడా మూసుకుపోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా గోకర్ణం మాట తీసుకొస్తుంది. "మా సరోజ నాకోసం ఎండలో తిరిగింది, రూము దొరకలేదు పాపం" అంటుంది. ఆమె పాపం అన్నప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు లోపలికి పోతాను. రోజూ దీపం పెట్టి స్వామికి చెప్పుకుంటాను. ఆయనకు చెప్పడం తేలికే. నీళ్ళు లేని చోట పుట్టినవాళ్ళకు నీళ్ళ మీద ఆశ తప్పు కాదనుకుంటాను ఒక్కోసారి. కానీ ఆ రోజు అక్కడికి పోయింది నా ఆశ కోసం కాదు.

మీరు పోతే ఇసుక మీదున్న హోటల్లోనే దిగండి. కొళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఉండనీయండి. మీలో కాళ్ళు నొప్పులున్నవాళ్ళు, కంటికి ఎండ పడనివాళ్ళు ఉంటే, డబ్బు ఇచ్చే ముందు వాళ్ళను వసారాలో కూర్చోబెట్టి, అక్కడి నుంచి సముద్రం కనపడుతోందా అని వాళ్ళనే అడగండి. పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం దాకా వసారాలో నీడ ఉంటుంది.

చదివినాక ఈ కాగితాలు మడిచి మీ పెట్టెల్లో దాచుకోండి. ఎవరికీ చూపించొద్దు, మా ఇంటి దరిదాపుల్లో బయటికి చదవొద్దు. తిరిగొచ్చినాక మా వదిన మిమ్మల్ని పిలిచి యాడ దిగినారని తప్పక అడుగుతుంది. సముద్రం పక్కనే దిగినామని చెప్పండి. ఒకే ఒక్క రూము మిగిలి ఉండింది, అదృష్టం కొద్దీ మాకు దొరికింది అని చెప్పండి.