మా మరదలి పుస్తకంలో ఒక దిద్దుబాటు

పోయిన నెల ఏకాదశినాడు పొద్దున్నే దీపం వెలిగిస్తుంటే ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "పెద్దక్కా, ఇంక లేదు" అన్నాడు. అంతే. వత్తి అంటించాను. అగ్గిపుల్ల వేలిదాకా కాలాక గానీ దాన్ని వదలాలని గుర్తు రాలేదు.

పోయింది మా మరదలు, తమ్ముడి భార్య. నాకంటే పదేళ్లు చిన్నది. నాన్నగారి రైల్వే ఉద్యోగంతో శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లోనే ఉండిపోయిన కుటుంబం మాది. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇల్లు నా చేతికి వచ్చింది. ఆ ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర ఆమె నాతో ఇరవయ్యేళ్లకు పైగా మసలింది. మన తెలుగువాళ్ల పత్రికకు ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని తమ్ముడు అడిగాడు. మంచి మాటలకు లోటు లేదు. కానీ వాటికంటే ముందు చెప్పవలసింది ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

మా ఇంటికి వచ్చేనాటికే ఆమె రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. విటమిన్ సి పుల్లటిది కదా, దానికి క్షారం కలిపితే పులుపు చచ్చి లవణం అవుతుందట. ఆ లవణంలో అణువులు ఏ వరసలో కూర్చున్నాయో కనిపెట్టడం ఆమె పని. అందుకు ఒక ఎక్స్‌రే యంత్రం కావాలి. అది వేరే ఊళ్లో ఉంది, నెలల ముందు అడిగితే ఒక రోజు ఇస్తారు. ఆ రోజుకి ఒక్క మంచి స్ఫటికం చేతిలో ఉండాలి. ఎంతో కాదు, బొంబాయి రవ్వ పలుకంత.

వేసవి సెలవులకు డిపార్ట్‌మెంటుకు తాళం పడింది. అందుకని సీసా మా ఇంటికి వచ్చింది. పెద్ద సీసాలో అడుగున స్పిరిట్, దాని మధ్యలో మూతలేని ఒక చిన్న సీసా, అందులో లవణం కరిగిన నీళ్లు, పైన బిగించిన మూత. వెలుగూ వేడీ తగలకూడదని నల్ల కాగితం చుట్టి ఫ్రిజ్ పై అరలో పెట్టింది. ఆ అర నాది. దేవుడి పాలు, పెరుగు, తడిగుడ్డలో చుట్టిన పూలు అక్కడే ఉంటాయి.

"అరే పెద్దక్కా, నీ మరదలు మనింట్లో దారూ దుకాణం తెరిచింది. లైసెన్స్ ఉందో లేదో జరా అడుగు!" అని తమ్ముడు నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆమె నా మొహం చూసి, "తాగేది కాదు వదినా. ఉప్పుకి స్పిరిట్ గిట్టదు, అచ్చం మీలాగే. దాని ఆవిరి తగిలితే చాలు, నీళ్లలోంచి లేచొచ్చి ఓ మూల మడి కట్టుకుని కూర్చుంటుంది. కింది అరలో అయితే అస్తమానూ కదిలిపోద్ది. పన్నెండు రోజులు, బస్" అంది.

సరే అన్నాను. మనసులో అనలేదు.

సాయంత్రాలు భోజనాల బల్లకు ఇటు నేను రామకోటి రాసేదాన్ని, అటు ఆమె తన లాబ్ పుస్తకం రాసుకునేది. ఒకసారి నా వరసలో తప్పు పడితే కాగితం చింపబోయాను. "చింపకండి వదినా" అని చెయ్యి పట్టుకుంది. "మా పుస్తకాల్లో రబ్బరు కూడా వాడనివ్వరు. తప్పు మీద ఒక్క గీత. పక్కన సరైంది రాసి సంతకం పెట్టాలి. గీత కింద తప్పు చదవడానికి రావాలి." దేవుడి పుస్తకానికి నీ పద్ధతులేమిటన్నాను. "దేవుడికి మాత్రం చదవడం రాదేంటి!" అంది.

ఇక్కడివాళ్లు హనుమజ్జయంతి చైత్రంలోనే చేసేసుకుంటారు. మనకు వైశాఖంలో వస్తుంది. ఆ ఏడు అది సీసా పెట్టిన పదకొండో రోజున పడింది. మరో నాలుగు రోజుల్లో ఆమెకు యంత్రం దగ్గర రోజు. రైలు టికెట్టుకూ, గైడుగారిని కలవడానికీ ఆమె పొద్దున్నే ఊళ్లో శంకర్ నగర్ వైపు వెళ్లింది. నేను తలస్నానం చేసి అభిషేకం పాలకోసం ఫ్రిజ్ తెరిచాను. సీసా కనబడింది. కొంగుతో పట్టుకుని తీసుకెళ్లి పెరట్లో బట్టలుతికే బండమీద పెట్టాను. నల్ల కాగితం తడిసి ఊడి వచ్చింది. పూజ అవగానే మళ్లీ లోపల పెడదామనుకున్నాను.

మరిచిపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. గారెల పప్పు కడిగిన నీళ్లు పారబోయడానికి రెండుసార్లు పెరట్లోకి వెళ్లాను. రెండుసార్లూ చూశాను. బండ కాలిపోతోంది. ఉండనీ అనుకున్నాను.

మూడింటికి తీసుకొచ్చి చూస్తే లోపలి నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. ఒక్క పలుకు లేదు. కాగితం మళ్లీ చుట్టి, ఉన్నచోటనే పెట్టేశాను.

ఆమె వచ్చి, చెప్పులైనా సరిగ్గా విప్పకుండా ఫ్రిజ్ తెరిచింది. కాగితం విప్పి సీసాను వెలుతురుకెత్తి చూసింది.

"మధ్యాహ్నం లైట్ పోయింది. నాలుగు గంటలు రాలేదు" అన్నాను.

నావైపు తిరిగింది. "అయ్యో, ఇంత ఎండలో ఫ్యాన్ లేకుండానే పూజ చేశారా వదినా? ఉపవాసం కూడానూ. మజ్జిగైనా తాగారా?" అని, అదే ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసి చిలికి గ్లాసు నా చేతికిచ్చింది. తాగాను.

యంత్రం రోజు పోయింది. మళ్లీ దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఇక్కడి ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు పడింది. థీసిస్ ఇచ్చి ఉంటే ఆమెకు వచ్చేది. రాలేదు. తర్వాత ధర్సీవా దగ్గర ఒక బడిలో చేరి, రెండు బస్సులు మారి వెళ్లి పిల్లలకు సైన్సు చెప్పింది. చివరిదాకా అదే ఉద్యోగం. ఒక్కనాడూ వాపోలేదు. "తొందరపడితే పొడి, ఓపిక పడితే పలుకు" అనేది, పిల్లలతోనూ, మాడుతున్న పోపుతోనూ.

రెండోసారి స్ఫటికం కుదిరింది. రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. తిరిగొచ్చిన రోజు నన్ను కూర్చోబెట్టి, గుగ్గిళ్లకు నేను నానబెట్టిన శనగలతో, చీపురు పుల్లలతో ఆ లవణంలో అణువుల వరస కట్టి చూపించింది. మధ్య మధ్య పచ్చ బఠాణీలు గుచ్చింది. "ఈ బఠాణీలు నీళ్లు వదినా. మా పేపర్లలో లవణం పేరుకి తోకలా చివర రాస్తాం వీటిని. చూడండి" అని ఒక బఠాణీ లాగింది. కట్టినదంతా ఒక పక్కకు ఒరిగిపోయింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నిజం అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ సంతోషం పాడుచెయ్యడం దేనికని ఊరుకున్నాను. అదీ నా సౌకర్యమే.

పన్నెండో రోజు కార్యం అయ్యాక తమ్ముడు ఆమె పుస్తకాలు బల్లమీద పెట్టాడు. ఆ వైశాఖం పేజీ నేనే వెతికాను. ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాల్లో ఉంది: ఇంట్లో కరెంటు పోయింది, నమూనా రంగు మారింది. ఆ కింద: సమాచారం, వదిన. తన కళ్లతో చూడనిదాన్ని ఆమె తన మాటగా రాసుకునేది కాదు. ఎవరు చెప్పారో రాసేది.

తమ్ముడికి అప్పుడు చెప్పాను. వాడు పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని ఆ పేజీ చదివాడు.

"ఆ రోజు కరెంటువాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను పెద్దక్కా" అన్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టాడు. "నాకెందుకు చెప్తావు? దాన్లో రాయి."

రోజూ రెండు పూటలా దేవుడి ముందు కూర్చునే మనిషిని. క్షమించమని ఎన్నిసార్లు అడిగానో. అడగవలసిన మనిషి వంటింట్లోనే ఉండేది.

ఆ పేజీ అంచున ఒక మరక ఉంది. పాడైన నీళ్లను ఒక చుక్క కాగితం మీద వేసి, చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన "రంగు" అని రాసుకుంది. అప్పుడు టీ రంగు. ఇప్పుడు బాగా ముదిరింది. కరెంటు పోయిందన్న మాట మీద నేను ఒక్క గీత గీశాను. కరెంటు పోలేదు, సీసాను ఎండలో నేనే పెట్టాను అని తెలుగులో రాసి, సంతకం పెట్టాను. చివరి అక్షరం మరక మీదికి వెళ్లింది. అక్కడ కాగితం గరుకుగా ఉంది, సిరా కొంచెం పాకింది.

గీత కింద ఆమె రాత ఇంకా చదవడానికి వస్తోంది. ఆ కింది మాటను నేను కొట్టలేదు. సమాచారం, వదిన.