టాంకులో ఇంకా ఒకడున్నాడు

ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో నాలుగుసార్లు అడుగుతారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో అడగకుండానే చెప్పుకుంటారు. భూమేష్ సౌదీలో ఇరవై రెండేళ్ళు ఏం పని చేశాడని మాత్రం ఈ ఇంట్లో ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. అతను తెచ్చిన దుప్పట్లు కప్పుకున్నారు. అతను తెచ్చిన ఖర్జూరాలు తిని గింజలు వాకిట్లో ఊశారు. అడగకపోయినా సరే, కూర్చోండి. ఆ ఫోను పక్కన పెట్టండి.

భూమేష్ పని కూర్చోవడం. నవ్వకండి. జుబైల్ అనే ఊళ్ళో, గ్యాసు ఫ్యాక్టరీల్లో ఇళ్ళంత టాంకులుంటాయి. అప్పుడప్పుడు వాటిని ఆపి, లోపలికి మనుషుల్ని దించి కడిగిస్తారు, వెల్డింగు చేయిస్తారు. టాంకుకు మనిషి దూరేంత కన్నం ఒకటుంటుంది. దాని ముందు ఒకడు కూర్చుని ఎవరు లోపలికి పోయారు, ఎవరు బయటికొచ్చారు చూస్తుండాలి. ఒంటికి పోవాలన్నా ఇంకొకణ్ణి కూర్చోబెట్టే లేవాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. టాంకులోకి గ్యాసు వచ్చే పైపు మూసేసి, ఆ వాల్వుకు పనిలో ఉన్న ప్రతివాడూ, కన్నం ముందు కూర్చునేవాడితో సహా, తన తాళం తాను వేస్తాడు. పదిమందుంటే పది తాళాలు. తాళంచెవులు ఎవరివి వాళ్ళ జేబుల్లోనే. పని అయ్యాక ఎవడి తాళం వాడే తీయాలి. ఒక్క తాళం మిగిలినా ఆ మనిషి లోపలున్నట్టే, వాల్వు తిప్పకూడదు. ఆ గ్యాసుకు వాసన ఉండదు. దగ్గే వ్యవధి కూడా ఇవ్వదు. అంతకుముందు పనిచేసిన కంపెనీలో, భూమేష్ పక్క మంచం నర్సింలు లోపల ఉండగానే ఎవడో అతని తాళం కోసి వాల్వు తిప్పాడు. అప్పట్నుంచి భూమేష్ అన్నం తింటూ కూడా కన్నం వైపే చూసేవాడు.

ఈ కంపెనీ డెన్మార్క్ వాళ్ళది. తాళం వేసినా తీసినా ఒక టాబ్‌కు చూపించాలి. ఎన్ని తాళాలు మిగిలాయో, అవి ఎవరివో అది చెప్పేది. బాగానే చెప్పేది. అందులోని ప్రోగ్రాం అమెరికా వాళ్ళది. ఈలోగా అమెరికా పెద్దలు డెన్మార్క్ వాళ్ళ మంచుదీవి తమకు కావాలన్నారు. మంచుతో ఏం చేసుకుంటారో వాళ్ళకే తెలియాలి. డెన్మార్క్ ఆఫీసుకు భయం పట్టుకుంది. రేపు వాళ్ళకు కోపమొచ్చి ప్రోగ్రాం ఆపేస్తే మన టాంకుల గతేమిటి అని. నెలాఖరుకల్లా యూరపులో తయారైన ప్రోగ్రాం పెట్టమని, ఆలోపు అమెరికాదాంట్లో ఏ తప్పు కనబడ్డా రాసి పంపమని ఆర్డరు వచ్చింది. జుబైల్‌లోని డెన్మార్క్ సారు భూతద్దం పెట్టి వెతికాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

ఆ రోజుల్లోనే భూమేష్‌ను రాబిగ్ పనికి పంపారు. జుబైల్‌లో పని ముగిసిన సాయంత్రం బస్సు హారను కొడుతూనే ఉంది. సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం. మూడో రోజు పొద్దున ఫోను మోగింది. ఫోర్‌మన్ ఇనాయతుల్లా, బోధన్ వాడు, జుబైల్ నుంచి.

"భూమేషన్నా, యాడున్నవే?"

"రాబిగ్‌ల. ఛాయ్ తాగుతున్న."

"మరి గీ టాబ్ నువ్వు టాంకులున్నవంటుంది."

"నేనా?"

"లోపల ఒక్కడు, భూమేష్ అని ఎర్రగ మొత్తుకుంటుంది. మూత మూసేటప్పుడే మొత్తుకుంది. అమెరికోనిది, మొత్తుకోనీ అన్నరు. ఇయ్యాల మల్ల మూత తీసి టార్చేసి చూసినం. ఎవ్వడు లేడు. సారు మస్తు ఖుషీగున్నడు, తప్పు దొరికిందని."

భూమేష్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి వేళ్ళకు తగిలింది.

"ఇనాయత్ భాయ్, వాల్వు చూసినవా?"

"చూసిన. నీ తాళం ఆడనే ఉంది. అది ఎత్తున ఉంటది, సారెక్కలే. నేను కోసి పారేస్త. తాళం తీసిన అని నువ్వొక్క మాట చెప్పు, సాలు. గీ నెల ఎవడేం చేసినా అమెరికోని మీదనే పోతుంది."

"కొయ్యకు. నేనొచ్చి తీస్త."

సారు కూడా సాక్ష్యానికి రమ్మని విమానం టిక్కెట్టు పంపాడు. ఇరవై రెండేళ్ళలో అతని కోసం ఒక కంపెనీ కొన్న మొదటి లోకల్ టిక్కెట్టు అది.

వచ్చే నెలతో భూమేష్ ఇఖామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే అనుమతి, ముగుస్తుంది. యాభై దాటినవాళ్ళది పొడిగించాలంటే సారు సంతకం కావాలి, రికార్డులో తప్పు ఉండకూడదు. ఊళ్ళో చిన్నకూతురు సునీత నర్సింగు ఇంకా రెండేళ్ళుంది. అతనికి కావలసింది ఆ రెండేళ్ళే. ఆ పొడిగింపు కాగితం సారు టేబులు మీదే ఉంది. సారు కాఫీ కూడా తెప్పించాడు. ఇంగ్లీషులో అడిగాడు, ఇనాయతుల్లా తెలుగు చేశాడు.

"తాళం తీసినవా అంటుండు. అన్నా, నీకు దండం పెడత, తీసిన అను."

"తియ్యలే. మర్చిపోయిన. ఇగో చెవి."

"నేను తీసిండనే చెప్త."

"చెప్పు. 'నో ఓపెన్' అనుడు నాకొస్తది, నేను గది చెప్త."

"బిడ్డ సదువన్న యాదుకు తెచ్చుకో."

"తెచ్చుకున్న. గిది అబద్ధమాడిందని రాస్తే, రేపు నిజంగ ఒకడు లోపలున్నప్పుడు ఎంత మొత్తుకున్నా ఎవడు చూస్తడు? మూత మూస్తరు."

ఇనాయతుల్లా కాఫీ కప్పు పక్కకు జరిపాడు. సారుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. సారు కలం మూసి, అమెరికా వాళ్ళను నమ్ముతావా అని అడిగాడు.

"అమెరికోడు నాకేమన్న మ్యానత్త కొడుకా, నమ్మనీకి? వాని సంగతి నాకెర్కలేదు. గిది మాత్రం నిజం చెప్పింది."

ముగ్గురూ టాంకు దగ్గరికి పోయారు. భూమేష్ నిచ్చెనెక్కి తాళం తీశాడు. టాబ్ పచ్చగా అయింది. సారు, ప్రోగ్రాంలో తప్పు దొరికిందని రాసుకున్న కాగితం చింపి కొత్తది రాశాడు. మిషన్‌ది తప్పు కాదు, మనిషిది తప్పు అని. మనిషి పేరూ రాశాడు. సారు కూడా అబద్ధం రాసే రకం కాదు మరి.

నెలాఖరుకు అమెరికా ప్రోగ్రాం తీసేశారు. దాని తప్పేమీ లేదని తేలినా తీసేశారు. తప్పుందని తేలిన భూమేష్‌ను కూడా ఆ వారమే, ఇక తిరిగి రానక్కర్లేదని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపారు. పంపేముందు సారు కొత్త ప్రోగ్రాంలో ఒక మాట రాయించాడు. ఎర్రగా ఉన్నప్పుడు, మనిషి పోయి కళ్ళతో చూసేదాకా మూత వేయకూడదని. ఆ మాట ఎవరిదో అందులో లేదు.

సునీత చదువు ఆగలేదు. పుష్ప, అతని భార్య, మానేసిన బీడీల చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. భూమేష్ పక్కన కూర్చుని ఆకు కత్తిరించేవాడు. కత్తెర పట్టడం రాదని రోజూ తిట్లు తినేవాడు. అట్లా పద్నాలుగు నెలలు. ఒక మధ్యాహ్నం భూమేష్ గుండె ఆగింది. అప్పటికి యాభై ఏడేళ్ళు.