మామగారు కొట్టించిన నీడ

సంస్థానం దేశంలో విలీనమయ్యాక మా మామగారి తండ్రి భోపాలపట్నం నుంచి వచ్చి, దర్భా కొండల్లో ఈ వాలు నేలను సాగులోకి తెచ్చాడట. మామగారు దాంట్లో ఉలవలు పండించేవారు. మా ఆయన అక్కడే నేరేడు చెట్ల నీడన కాఫీ మొక్కలు నాటాడు. వేసవుల్లో కొండ కింది వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి వాటిని బతికించింది నేను.

మొక్కలు నడుము ఎత్తుకు ఎదిగాయి. కాఫీ తోటలు చూసొస్తానని మా ఆయన కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే మామగారు గొడ్డళ్లు పట్టుకున్న మనుషులతో తోటలోకి బయల్దేరారు.

"ఎటు మామా?" అన్నాను.

"కొమ్మలు కొట్టిస్త. నీడకు మొక్కలు ఎదుగుతలేవు బిడ్డా. ఎండ తగలకుంటే కాయెట్ల కాస్తది?"

"కాఫీకి నీడే కావాలంట మామా. ఆయన వచ్చేదాక ఆగండి."

"వాడు పుట్టకముందు నుంచి చేస్తున్న సేద్యం. నాకు చెప్తవా?"

ఆయనకు అడ్డంపడి ఆపే ధైర్యం నాకెక్కడిది? సిగ్నల్ కోసం రోడ్డు దాకా ఎక్కి ఫోన్ చేశాను. మా ఆయన ఫోన్ ఆపేసి ఉంది. దిగొచ్చేసరికి నేరేడు చెట్లన్నీ మోళ్లై నిలబడ్డాయి. కొడుకుకు సాయం చేశానన్న సంతోషంతో మామగారు చెమట తుడుచుకుంటున్నారు.

మా ఆయన తిరిగొచ్చి తోట చూశాడు. తండ్రిని ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి వచ్చి నన్ను అడిగాడు.

"నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గద. ఏం చేసినవ్?"

"చెప్పిన. వినలే. నీ మాటన్న వింటడా ఆయన?"

ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "అన్నం తినమను", "ఎడ్లను కట్టమను", అన్నీ నా చేతే చెప్పించారు. వాళ్లిద్దరూ అలిగి కూర్చుంటే, మాటలు మోసే పనీ నాకే వచ్చిపడింది.

ఎండలు ముదిరేసరికి ఆకులు మాడి రాలాయి. సగం మొక్కలు చచ్చాయి. మిగిలినవాటి పక్కన నీడ కోసం నేను ఆముదం విత్తి, అరటి పిలకలు నాటాను. ఏం చేస్తున్నావని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

రెండేళ్లకు కాసిని పళ్లు వచ్చాయి. ఎండబెట్టి, దంచి, పెనం మీద వేయించి, పొడి చేసి కాఫీ కాచాను. మామగారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఏంది ఇంత చేదుంది? చాయ్ పెట్టు బిడ్డా."

మా ఆయన నవ్వాడు. తండ్రీ నవ్వాడు. వాళ్లకు మాటలు కలిశాయి. నేను పొయ్యి ఆర్పేసి తోటలోకి వెళ్లిపోయాను.