ఎండిన ఏటికి సున్నపు గీత

1981 వానాకాలం. ధర్మవరంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పట్టుచీరలు తీసి తీసి విసుగెత్తిన నాకు రైల్వే ఇంజినీరు ఒకాయన కొత్త పని ఒప్పజెప్పాడు. కదిరి వైపు పోయే మీటర్ గేజీ లైను మీది వంతెనలన్నీ ఫోటో తీయాలి. ఎగిరి గంతేశాను. పట్టాల మీద మనుషులు తోసే ట్రాలీలో కూర్చుని, కాళ్ల కింద వంతెనలు కదిలిపోతుంటే చిన్నపిల్లాడిలా కేకలు కూడా వేశాను.

అన్నిట్లో పెద్దది ఒక పాత రాతి వంతెన. దానికి తొమ్మిది ఖానాలు, అంటే స్తంభాల మధ్య నీళ్లు పోయే దారులు. నీళ్లు మాత్రం లేవు. ఇసుకలో మేకలు నీడకు పడుకున్నాయి. నాలుగు ఖానాలు రాళ్లతో మూసేస్తే మరమ్మతు తగ్గుతుందని ఇంజినీరు ఆలోచన. ఆ ప్రతిపాదనకు నా ఫోటోలు జత చేయాలి.

ఏటికి ఎగువన ఉన్న పేటలో కూలి చేసుకునే నరసమ్మ ఆ మాట విని అడ్డం వచ్చింది. "మూస్తే నీళ్లు యాడికి పోతాయి సామీ? మా ఇండ్లలోకే గదా!"

"నీళ్లేవమ్మా?" అని ఇంజినీరు నవ్వాడు.

"నా చిన్నప్పుడు వచ్చినాయి. మా నాయన నన్ను భుజాన ఎత్తుకుని పరిగెత్తినాడు."

స్తంభం మీద నా తలకంటే ఎత్తులో మాసిపోయిన గీత ఒకటి కనిపించింది. దాన్ని హెచ్.ఎఫ్.ఎల్. అంటారు, ఇంతవరకు వచ్చిన వరదల్లో అన్నిటికంటే ఎత్తైనదానికి గుర్తు. రెండు వైపుల నుంచీ ఫోటోలో పడేలా దాని మీద సున్నం కొట్టమని పట్టాల పని చూసే మేస్త్రి ఓబులేసును అడిగాను.

"ఏమప్పా, నీళ్లు లేని ఏటికి బొట్టు పెట్టమంటావా?" అంటూనే కొట్టాడు.

ఆ పూట ఎగువ వైపు తీశాను. దిగువ వైపు నీడ పడింది. దానికోసం కొన్ని రోజుల తర్వాత ఓబులేసును వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. అంత మబ్బు చూసి ఎన్నేళ్లయిందో! వంతెన సంగతి మరిచిపోయి ఆ మబ్బులనే వరసగా తీసేశాను. చూసుకునేసరికి రీలులో మిగిలింది ఒక్క బొమ్మ. కరువు సీమవాడు తప్ప ఇంకెవడైనా ఇలాంటి పని చేస్తాడా!

చినుకులు పెద్దవయ్యాయి. ఎక్కడో ఎగువన హోరు వినిపించింది.

"ఏరొస్తాండాది!" అని పేట నుంచి కేకలు. నురగ, ముళ్లకంపలు తోసుకుంటూ ఎర్రనీళ్లు వచ్చిపడ్డాయి. పేటంతా పసుపు కుంకుమలతో గట్టుకు పరిగెత్తింది. మాకు కొత్తనీరు వస్తే అవి చల్లి మొక్కనిదే మనసొప్పదు. నా ఒళ్లంతా పులకరించింది. కానీ కెమెరా తడిసిపోతోంది. మా ఊళ్లలో వానకు గొడుగు తెచ్చుకునేవాడెవడు? ఓబులేసు తన కంబళి తీసి ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేడు. గట్టు మీద నుంచి నరసమ్మ వెనక్కి వచ్చింది, పసుపు పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"మొక్కుకో పోమ్మా," అన్నాను.

"గంగమ్మ ఆడనే ఉంటాది. నువ్వు తీయప్పా!"

తొమ్మిది ఖానాలూ నిండాయి. నీళ్లు గీతకు ఇంకా మూరెడు కింద ఉన్నాయి. ఇప్పుడు తీస్తే, ఇంతేగా వచ్చింది అంటాడు ఇంజినీరు. ఆగుదామంటే, కరువులో అధికమాసంలా వెలుతురు కూడా తగ్గిపోతోంది.

"తీయి, తీయి!" అని ఓబులేసు.

"ఉండన్నా, ఇంకా ఎక్కుతాది," అన్నాను.

కన్ను గీత మీదే పెట్టాను. నీళ్లు జానెడు ఎక్కాయి. ఇంకాస్త. తెల్లటి గీత తడిసింది. మీట నొక్కాను. తొమ్మిది ఖానాలూ తెరిచి ఉండబట్టి నీళ్లు పేట గడపల దగ్గరే ఆగిపోయాయి.

ఆ ఫోటోలో తడిసిన గీతను చూసి, నిండిన ఖానాలను ఇంజినీరు వేలితో లెక్కపెట్టాడు. తర్వాత తన ప్రతిపాదన తనే మానుకున్నాడు. ఆ ఏడే తొమ్మిది ఖానాలకూ మరమ్మతు జరిగింది.

నరసమ్మ స్టూడియోకు వచ్చి ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "మేమెవ్వరం పడలేదే?"

"పడలేదమ్మా. నీళ్లే పడినాయి."

"అవి పడినందుకే మా ఇండ్లు నిలిచినాయి. అంటే ఇందులో మేముండాం గదప్పా," అంది.

ఆ తర్వాత ఎన్నో వంతెనలు తీశాను. ఎండిన ఏటిని తీసిన ప్రతిసారీ ముందు ఆ గీత ఎక్కడుందో వెతికాను, దానికి ఎగువన ఎవరి ఇళ్లున్నాయో చూశాను. కెమెరా తెరవడం ఆ తర్వాతే.