తారు కాదు, క్వినోన్

2022 వేసవి. వికారాబాద్‌లో మా కళాశాల రసాయన పరిశోధనశాల. నస్రీన్ గారు తాండూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్. నా దగ్గర పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసేవారు. సెలవుల్లో పొద్దున రైలెక్కి వచ్చి, సాయంత్రం రైలుకు వెళ్లేవారు. థీసిస్‌కు ఇంకొక్క సమ్మేళనం కావాలి. సెలవులు ముగియడానికి వారమే ఉంది. ముడిపదార్థం ఒక్కసారికి సరిపడా మాత్రమే మిగిలింది.

చేయవలసింది ఆర్గానోమెటాలిక్ క్వినోన్, అంటే కార్బన్‌కు లోహం జతపడిన క్వినోన్. క్వినోన్లు రంగుల కుటుంబం. గోరింటాకు ఎరుపు కూడా ఆ కుటుంబానిదే. అలాంటి క్వినోన్‌కు ఫెర్రోసీన్‌ను అతికించాలి. రెండు కార్బన్ వలయాల మధ్య ఇనుము పరమాణువు ఇమిడిన నారింజ రంగు పదార్థం అది.

ఆవిడ రియాక్షన్ పెట్టిన మూడో రోజు గుమ్మంలోంచే ఫ్లాస్కు చూశాను. నల్లగా ఉంది. ఇరవై ఏళ్లుగా నా చేతిలో ఫెర్రోసీన్ సమ్మేళనాలన్నీ నారింజ, ఎరుపు రంగుల్లోనే వచ్చాయి. ఆవిడ నోట్‌బుక్ తీసి ఎర్ర పెన్నుతో "విఫలం. తారు" అని రాశాను. అంతటితో ఆగలేదు.

"సెలవుల్ల చేసే రీసెర్చ్ గిట్లనే ఉంటది మేడం" అన్నాను. పక్క టేబుళ్ల వాళ్లంతా విన్నారు.

నేను మీటింగుకు వెళ్లి వచ్చేసరికి కాలమ్ నడుస్తోంది. అంటే సిలికా పొడి నింపిన గాజు గొట్టం. పైన మిశ్రమం వేసి ద్రావణి పోస్తే ఒక్కో పదార్థం ఒక్కో పట్టీగా కిందికి దిగుతుంది.

"తారుకు కాలమ్ ఎందుకు మేడం?"

"తారైతే పైన్నే అతుక్కొని కూసుంటది గద సార్. గిది నడుస్తున్నది. జర వంగి చూడున్రి."

వంగాను. చర్యలో పాల్గొనక మిగిలిన ఫెర్రోసీన్ పలచబడి పసుపు పట్టీగా ముందే దిగిపోయింది. వెనక ముదురు ఆకుపచ్చ పట్టీ, అంచు చెదరకుండా వస్తోంది. ఇనుము ఎలక్ట్రాన్ ఇవ్వజూస్తుంది, క్వినోన్ లాక్కోజూస్తుంది. ఆ లాగులాటకే అంత ముదురు రంగు, ఫ్లాస్కులో చిక్కగా ఉంటే నల్లగానే కనిపిస్తుంది. ఏటా బోర్డు మీద నేను చెప్పే పాఠమే.

హైదరాబాద్‌కు పంపిన నమూనా ఎన్ఎంఆర్ రిపోర్టు వచ్చింది. అణువులో ఏ హైడ్రోజన్ ఎక్కడుందో చెప్పే పరీక్ష. ఫెర్రోసీన్ గీతలు, క్వినోన్ గీతలు ఒకే కాగితం మీద, శుభ్రంగా. మా ల్యాబులో తయారైన మొదటి ఫెర్రోసీన్ క్వినోన్! ఆ కాగితాన్ని టేబుల్ టేబుల్‌కూ నేనే తిప్పాను. నేనన్న మాట మాత్రం ఎత్తలేదు. ఆవిడతో మెల్లగా అన్నాను:

"ఆ పేజీ తీసేసి మళ్ల రాద్దాం మేడం."

"చింపొద్దని మీరే చెప్తిరి సార్. ఒక్క గీతనే కొట్టాలె, కిందిది కనవడాలె, పక్కన సంతకం వెట్టాలె." నవ్వారు. "గా రూలు మా తప్పులకేనా?"

అందరినీ పిలిచాను. నా రాత పైకి చదివి, అది తప్పన్నాను. సెలవుల గురించిన మాటా తప్పేనన్నాను. ఒక్క గీత కొట్టి సంతకం చేశాను.

"తారీఖు మరిసిన్రు సార్" అన్నారు నస్రీన్ గారు.

ఇప్పుడు ఆవిడ డాక్టర్ నస్రీన్. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు ఆ పేజీయే చూపిస్తాను. ఫ్లాస్కును గుమ్మంలోంచి చూసి తీర్పు చెప్పకూడదని నాకు నేర్పింది అదే. గీత కింద నా అక్షరాలు ఇప్పటికీ చక్కగా చదవొచ్చు.