మూత తియ్యని జాడీ

ఐటీ ఊపులో సింగపూర్ వెళ్ళిన కొత్తలో, రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో నా పక్క సీటు ఒక జార్జియా దేశస్థుడిది. ఒకరోజు తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో బీరు తాగేముందు రెండు చుక్కలు నేల మీద వదిలాడు. అచ్చం మా పోచమ్మకు కల్లు సాక పోసినట్టే. ఎందుకని అడిగాను.

"మా కొండ మీది గుడిలో ఇదే ఆచారం. గుడిని ఆనుకుని రాతి గది ఉంటుంది. అందులో దేవుడి వైన్ జాడీలు మెడదాకా నేలలో పాతి ఉంటాయి. జాతరకు వంతు వచ్చిన ఇంటివాడే మూత తియ్యాలి. ఈసారి నా వంతు, వెళ్తున్నా."

"వెళ్ళకపోతే?"

"నేనొచ్చేదాకా ఊరంతా కూర్చుంటుంది."

నేనూ తగ్గకుండా మా పోచమ్మ సాక గురించి చెప్పాను.

"మీ అమ్మవారూ నీకోసం ఆగుతుందా?" అన్నాడు.

"ఎందుకాగదు," అన్నాను.

మా ఇంటి సాక చిన్నాన్న పోసి అప్పటికే వారమైంది. నాకెవరూ ఫోన్ కూడా చెయ్యలేదు.